భర్త కార్డుతో కొంటే షాపువాడు ఆధార్ ఫోటో తీసుకోవచ్చా?

హన్మకొండ_హారిక
మొన్న మా ఊళ్లో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులో వాషింగ్ మెషీన్ కొన్నాను. ధర 31 వేల చిల్లర. మా ఆయన క్రెడిట్ కార్డు మీద డిస్కౌంట్ ఉందని అది ఇచ్చి పంపాడు. పిన్ నాకు తెలుసు. బిల్లింగ్‌లో ఉన్న అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి చూసి "మేడమ్, పేరు మీది కాదు కదా, ఐడీ చూపించండి" అంది. ఆధార్ చూపించాను. పెళ్లయ్యాక నేను ఇంటిపేరు మార్చుకోలేదు, కాబట్టి అదీ కలవలేదు. మేనేజర్ వచ్చి, కార్డు ఓనర్ ఆధార్ వాట్సాప్‌లో తెప్పించమన్నాడు. తెప్పించాను. దాన్ని తన సొంత ఫోన్లో ఫోటో తీసుకున్నాడు! కార్డు ముందువైపు కూడా తీసుకున్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లంతా నేనేదో దొంగకార్డు పట్టుకొచ్చినట్టు చూస్తున్నారు. పిన్ కొట్టాక పని అయిపోవాలి కదా? అసలు షాపులు ఐడీ అడగొచ్చా?

బెజవాడ_బాలు
అడగనివ్వండి, తప్పేముంది? రేపు మీ కార్డు పోయి ఎవడో వాషింగ్ మెషీన్ కొనుక్కుంటే "షాపువాడు ఎందుకు అడగలేదు" అని ఇక్కడికొచ్చి మీరే పోస్ట్ పెడతారు.

కోనసీమ_కుర్రోడు
బాలు అన్నా, పిన్ ఎలా తెలుస్తుంది ఆ ఎవడోకి?

బెజవాడ_బాలు
మా నాన్నగారి పర్సు చూస్తే తెలుస్తుంది. కార్డు వెనకాల స్కెచ్ పెన్నుతో రాసి పెట్టారు.

కోనసీమ_కుర్రోడు
😂 సరే, ఆయనకి ఐడీ కాదు, కొత్త పర్సు కావాలి.

తిరుపతి_సుధాకర్
షాపుల సంగతి తర్వాత. హోటల్లో బిల్లు కట్టేటప్పుడు సర్వర్ మిషన్ తన చేతిలోనే పట్టుకుని "పిన్ ఎంత సార్?" అని అరుస్తాడు చూడండి, అది మొదట ఆపాలి. మొన్న పక్క టేబుల్ పెద్దాయన కూడా అంతే గట్టిగా నాలుగు అంకెలూ చెప్పేశాడు. హాల్లో ఉన్న అందరికీ వినబడింది.

హన్మకొండ_హారిక
పెట్రోల్ బంకులో కూడా అంతే సుధాకర్ గారూ. కారు దిగకుండా చెబుతారు జనం.

రిటైర్డ్_క్యాషియర్
ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసినవాణ్ని, కొంచెం పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

ఒకప్పుడు కార్డు గీకితే స్లిప్పు వచ్చేది, సంతకం పెట్టేవాళ్లు. కార్డు వెనక ఉన్న తెల్ల పట్టీ మీద సంతకాన్ని, స్లిప్పు మీద సంతకాన్ని షాపువాడు పోల్చి చూడాలి. అదే అప్పటి తనిఖీ. ఎవరూ సరిగ్గా చూసేవారు కాదు, అది వేరే సంగతి. 2013 డిసెంబరు నుంచి డెబిట్ కార్డుకి షాపుల్లో పిన్ తప్పనిసరి అయింది. నల్ల పట్టీ మాత్రమే ఉన్న కార్డుల్ని 2018 డిసెంబరు ఆఖరులోగా చిప్ కార్డులుగా మార్చాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. మన బ్యాంకుల క్రెడిట్ కార్డులు కూడా పిన్ దారికే వచ్చాయి. అంటే సంతకం, మొహం, పేరు చూసి నిర్ధారించే పని షాపువాడి నెత్తి మీంచి తీసేసి మిషన్‌కి ఇచ్చారు. పిన్ సరిపోతే షాపుకి డబ్బు వచ్చినట్టే. తర్వాత "నేను కొట్టలేదు" అని కార్డుదారు అంటే ఆ గొడవ కార్డుదారుకీ బ్యాంకుకీ మధ్యనే.

కాబట్టి హారిక గారి కేసులో షాపుకి భయపడాల్సిన నష్టమే లేదు. ఆ ఫోటోలు ఎందుకు తీశారో వాళ్లే చెప్పాలి.

గుంటూరు_మొబైల్స్
నేను షాపువాణ్ని. మా వైపు కథ కూడా వినండి.

కొన్నేళ్ల కిందట ఒకాయన విదేశీ బ్యాంకు కార్డుతో రెండు ఖరీదైన ఫోన్లు కొన్నాడు. మిషన్ పిన్ అడగలేదు, సంతకం స్లిప్పు వచ్చింది. సంతకం పెట్టాడు, వెళ్లిపోయాడు. కొన్ని వారాల తర్వాత బ్యాంకు నుంచి మెయిల్. కార్డు ఓనర్ "ఇది నా కొనుగోలు కాదు" అన్నాడట, సంతకం చేసిన స్లిప్పు పంపమన్నారు. డ్రాయర్ తీసి చూస్తే ఆ కాగితం తెల్లగా ఉంది. ఆ పేపరు మీద అక్షరాలు వేడికి ఎగిరిపోతాయి కదా, మా కౌంటర్ మీద మధ్యాహ్నం ఎండ పడుతుంది. ఒక్క ముక్క కనబడలేదు. డబ్బు మా ఖాతాలోంచి వెనక్కి లాగేశారు. ఫోన్ మీద మాకు మిగిలేది ఎంతో తెలుసా? ఆ రెండు ఫోన్ల నష్టం పూడ్చడానికి ఆ సీజన్ అంతా పట్టింది.

అప్పట్నుంచి పెద్ద మొత్తమైతే ఐడీ అడుగుతున్నాను. అడిగితే మమ్మల్ని అనుమానిస్తున్నారా అంటారు. అడక్కపోతే నా జేబు.

రిటైర్డ్_క్యాషియర్
గుంటూరు గారూ, మీది సంతకం కేసు, హారిక గారిది పిన్ కేసు. మీరు విదేశీ కార్డుకి పాస్‌పోర్ట్ అడగడం నూటికి నూరు పాళ్లూ న్యాయం. మన కార్డుకి పిన్ కొట్టినవాళ్లని ఆపడం అనవసరం. ఆ స్లిప్పులు వచ్చినరోజే ఫోటో తీసి పెట్టుకోండి, కాగితాన్ని నమ్మకండి.

గుంటూరు_మొబైల్స్
ఆ పని ఇప్పుడు చేస్తున్నాం సార్. రోజూ షట్టర్ దించే ముందు మా తమ్ముడి డ్యూటీ అదే.

డల్లాస్_మురళి
అమెరికా సంగతి చెబితే నవ్వుతారు. ఇక్కడ క్రెడిట్ కార్డుకి పిన్నే లేదు. చిప్ పెట్టు, పని అయిపోయింది. 2018 ఏప్రిల్ నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్లు సంతకం కూడా అక్కర్లేదన్నారు. నా కార్డు మా అబ్బాయి వాడినా, మా ఎదురింటాయన వాడినా ఎవడూ అడగడు. పైగా ఐడీ చూపిస్తేనే కార్డు తీసుకుంటాననే షరతు షాపు పెట్టకూడదని ఆ కంపెనీల రూలు. అడగొచ్చు, కానీ మీరు చూపించనంటే ఆ ఒక్క కారణంతో వద్దనకూడదు.

కోనసీమ_కుర్రోడు
అదేం రూలు అన్నా, దొంగల కోసం రాశారా?

డల్లాస్_మురళి
కార్డు కంపెనీకి కావలసింది నువ్వు తొందరగా గీకడం. లైన్లో ఐడీ కోసం పర్సు వెతుక్కుంటూ నిలబడితే నువ్వు క్యాష్ తీస్తావేమోనని వాళ్ల భయం. నష్టం వచ్చినా కస్టమర్ మీద పెద్దగా పడదు. ఇక్కడి చట్టం ప్రకారం దొంగ వాడకానికి నీ బాధ్యత 50 డాలర్లు దాటదు, చాలా బ్యాంకులు అదీ అడగవు. 2015 అక్టోబరు నుంచి చిప్ మిషన్ పెట్టుకోని షాపుకి నకిలీ కార్డు తగిలితే నష్టం షాపుదే అన్నారు. దాంతో అందరూ పరుగు పరుగున మిషన్లు మార్చారు. పెట్రోల్ పంపుల దగ్గర మాత్రం మిషన్ జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) అడుగుతుంది, కార్డు దొంగకి మన అడ్రసు తెలియదని.

న్యూజెర్సీ_పద్మ
మురళి గారూ, కార్డు వెనక సంతకం బదులు "ఐడీ చూడండి" అని రాసుకునేవాళ్లు గుర్తున్నారా? మా ఆయన కూడా రాసేవాడు. సంతకం లేకపోతే ఆ కార్డు చెల్లదని అప్పట్లో అదే కంపెనీల రూలు! జాగ్రత్తపడ్డవాడి కార్డే చెల్లదన్నమాట.

డల్లాస్_మురళి
అవునండీ. ఇంకోటి, కాలిఫోర్నియాలో కార్డుతో కొనేవాళ్ల వ్యక్తిగత వివరాలు రాసుకోకూడదని 1990లోనే చట్టం చేశారు. జిప్ కోడ్ కూడా ఆ వివరాల్లోకే వస్తుందని 2011లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. చూడటం ఒకటి, రాసి దాచుకోవడం ఇంకొకటి. హారిక గారి మేనేజర్‌ని అక్కడికి పంపాలి.

లండన్_లక్ష్మణ్
ఇక్కడ పిన్ తప్పనిసరి చేసిన రోజు 2006 ఫిబ్రవరి 14. ప్రేమికుల రోజు! ఆ రోజు డిన్నర్‌కి వెళ్లి పిన్ మర్చిపోయినవాళ్ల గతి ఊహించుకోండి.

సికింద్రాబాద్_శాస్త్రి
పిన్ గొప్పగా చెబుతున్నారు, మరి కార్డు మిషన్‌కి ఆనిస్తే చాలు డబ్బు పోయే ట్యాప్ సంగతేంటి? మా తమ్ముడి కార్డు ఆటోలో పడిపోయింది. తెల్లారేసరికి వైన్ షాపులో 4,800, ఇంకో వైన్ షాపులో 4,900, ఒక బంకులో 3,000. అన్నీ ట్యాప్, పిన్ లేదు. ఒక్కడైనా "బాబూ, నీ పేరేంటి" అని అడిగాడా?

బెజవాడ_బాలు
అదీ! అందుకే ఐడీ అడగాలంటున్నాను.

కోనసీమ_కుర్రోడు
వైన్ షాపు కిటికీ దగ్గర ఆధార్ చూస్తూ కూర్చుంటే వెనకున్నవాళ్లు షాపు పీకేస్తారు.

రిటైర్డ్_క్యాషియర్
శాస్త్రి గారు అసలు చోటు పట్టుకున్నారు. పిన్ లేకుండా ట్యాప్ మొదట 2 వేల వరకే ఉండేది, 2021 జనవరి 1 నుంచి 5 వేలు చేశారు. కార్డు పోతే డబ్బు పోయేది ఇక్కడే. ఇక్కడ ఐడీ ఎవరూ అడగరు, అడగలేరు కూడా. పిన్ కొట్టిన చోటేమో ఆధార్లూ ఫోటోలూ.

దీనికి మందు మన చేతిలోనే ఉంది. బ్యాంకు యాప్‌లో ట్యాప్, ఆన్‌లైన్, విదేశీ వాడకం విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే వీలు 2020 అక్టోబరు నుంచి అన్ని బ్యాంకులూ ఇవ్వాలి. లిమిట్ కూడా మనమే పెట్టుకోవచ్చు. మీ తమ్ముడు గారు ఎన్ని రోజుల్లో బ్యాంకుకి చెప్పారు?

సికింద్రాబాద్_శాస్త్రి
మెసేజ్‌లు చూసుకుని ఉదయాన్నే కార్డు బ్లాక్ చేయించాడు. అదే రోజు రాతపూర్వకంగా కూడా ఇచ్చాడు.

రిటైర్డ్_క్యాషియర్
మంచి పని. ఇప్పుడు ఫిర్యాదు నంబరు జాగ్రత్త. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ చూపించండి. తప్పు బ్యాంకుదీ కాకుండా, కస్టమర్‌దీ కాకుండా మూడో మనిషి చేసినదైతే, మెసేజ్ అందాక 3 పనిదినాల్లో చెబితే కస్టమర్‌కి బాధ్యత లేదు. 4 నుంచి 7 పనిదినాలైతే ఒక పరిమితి వరకు, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకి గరిష్ఠంగా 10 వేలు. ఆ పైన బ్యాంకు సొంత పాలసీ. ఫిర్యాదు చేశాక జరిగిన వాడకం ఏదైనా బ్యాంకుదే.

ఒక మెలిక ఉంది. కార్డు పారేసుకోవడమే నిర్లక్ష్యం అని బ్యాంకు వాదిస్తుంది. దానికి మీరు ఒప్పుకోనక్కర్లేదు. పిన్ ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం అది కచ్చితంగా మీ నిర్లక్ష్యమే, బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీ మీదే.

హన్మకొండ_హారిక
ఆగండాగండి. అంటే మా ఆయన నాకు పిన్ చెప్పడం కూడా నిర్లక్ష్యమేనా??

రిటైర్డ్_క్యాషియర్
బ్యాంకు కాగితాల ప్రకారం అవునమ్మా. కార్డు ఇంకొకరికి ఇవ్వకూడదు, పిన్ భార్యకి కూడా చెప్పకూడదు. బెంగళూరు కేసు ఒకటి పేపర్లలో వచ్చింది. 2013లో ప్రసూతి సెలవులో ఉన్న ఒకావిడ డెబిట్ కార్డు, పిన్ భర్తకిచ్చి ఏటీఎంకి పంపింది. స్లిప్పు వచ్చింది, 25 వేలు రాలేదు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్తే 2018లో తీర్పు ఆవిడకి వ్యతిరేకంగా వచ్చింది. పిన్ ఇంకొకరికి ఇచ్చారు కాబట్టి మీదే తప్పు అన్నారు.

న్యూజెర్సీ_పద్మ
బాలింత ఏటీఎంకి వెళ్లాలా ఏంటి! దారుణం.

తిరుపతి_సుధాకర్
ఇంట్లో మంచం పట్టిన తల్లిదండ్రుల కార్డులు మనమే కదా వాడేది. ఊరూరా అంతే. ఈ రూలు రాసినవాళ్ల ఇళ్లల్లో కూడా అంతే అయి ఉంటుంది.

బెజవాడ_బాలు
అందుకే చెబుతున్నా, షాపువాడు అడిగింది కరెక్టే. హారిక గారు వాడింది వేరేవాళ్ల కార్డు. రూలు ప్రకారం అమ్మకుండా పంపించేయాలి కూడా.

హన్మకొండ_హారిక
వేరేవాళ్లా? మా ఆయనండీ బాబూ!

బెజవాడ_బాలు
కార్డుకి ఆ సంగతి తెలీదు కదండీ 🙏

గుంటూరు_మొబైల్స్
అసలు సంగతి నేను చెప్తా వినండి. వాళ్లకి దొంగల భయం కాదు. ఆఫర్ భయం. పండగ డిస్కౌంట్ ఒక కార్డుకి ఒకసారే ఉంటుంది. కొందరు పదిమంది కార్డులు పోగేసి, పది ఫోన్లు డిస్కౌంట్‌లో కొని, బయట సీల్ తీయకుండా అమ్ముకుంటారు. షాపు స్టాఫే చుట్టాల కార్డులతో చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. పై ఆఫీసు నుంచి లెక్క అడుగుతారని బిల్లుతో పాటు ఐడీ కాపీ పెట్టుకుంటారు. మీ భద్రత కోసం అని పైకి చెబుతారంతే.

కోనసీమ_కుర్రోడు
అన్నా మా హాస్టల్లో ఒక్కడికే ఆ బ్యాంకు కార్డు ఉంది. సేల్ వచ్చిందంటే వాడు పెళ్లికొడుకే. టీ, టిఫిన్, సిగరెట్ అన్నీ ఫ్రీ. ఐడీ చెకింగ్ వస్తే వాడి బతుకు ఏంగావాలి?

రిటైర్డ్_క్యాషియర్
వాడికి చెప్పు, ఆ ఖర్చంతా వాడి పాన్ కింద లెక్కలోకి వెళ్తుంది. ఏడాదిలో కార్డు బిల్లు 10 లక్షలు దాటితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకి చెబుతుంది. స్నేహితుల ఫోన్లని వాళ్లు నమ్మరు.

నెల్లూరు_నాగమణి
బంగారం షాపులో కూడా పాన్ అడిగారు నన్ను. అదీ ఇలాంటి ఫోటోల బాపతేనా?

రిటైర్డ్_క్యాషియర్
కాదమ్మా, అది వేరే. ఒకే బిల్లు 2 లక్షలు దాటితే కార్డైనా, చెక్కైనా పాన్ ఇవ్వాల్సిందే, 2016 నుంచి ఆదాయపు పన్ను రూలు. దానికి షాపుని తిట్టకండి. 30 వేల వాషింగ్ మెషీన్‌కి అలాంటిదేమీ లేదు.

నెల్లూరు_నాగమణి
నా కార్డు మీద బి వి ఎల్ నాగమణి. ఆధార్‌లో బొమ్మిరెడ్డిపల్లి వెంకట లక్ష్మీ నాగమణి అని మొత్తం ఉంటుంది, అదీ తప్పుల్తో. ఏ షాపులో కలుస్తుంది ఈ పేరు? బ్యాంకువాళ్ల గళ్లలో పట్టదని వాళ్లే కత్తిరించారు.

తిరుపతి_సుధాకర్
పేరు కలిసినా ఫోటో కలవాలి కదా. నా ఆధార్ ఫోటో చూపిస్తే కార్డు నాదని నమ్మరు సరికదా, కొట్టేశానని రూఢి అయిపోతుంది.

న్యూజెర్సీ_పద్మ
😂😂

వైజాగ్_నెట్‌వర్క్
ఐటీ సెక్యూరిటీలో పనిచేస్తాను. నా బాధ ఐడీ చూడటం గురించి కాదు, ఆ మేనేజర్ ఫోన్లో ఉన్న ఫోటోల గురించి. ఆధార్ నంబరు, పుట్టినరోజు, అడ్రసు, కార్డు నంబరు, గడువు తేదీ. అన్నీ ఒకే గ్యాలరీలో, పిల్లల ఫోటోల పక్కన. రేపు ఆ ఫోన్ రిపేరుకి వెళ్తుంది, ఇంకో రోజు ఆయన ఉద్యోగం మారతాడు. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఓటీపీ ఉంది కాబట్టి ధైర్యం. విదేశీ సైట్లు చాలావాటికి ఓటీపీ అక్కర్లేదు, కొన్నింటికి వెనకాల ఉండే మూడు అంకెలు కూడా అక్కర్లేదు. హారిక గారూ, ముందు ఆ కార్డుకి విదేశీ వాడకం ఆఫ్ చేయించండి. వీలైతే కార్డు మార్పించేయండి.

హన్మకొండ_హారిక
ఇప్పుడే చూశాం, విదేశీది ఆన్‌లోనే ఉంది! ఎప్పుడో సింగపూర్ వెళ్లినప్పుడు ఆన్ చేశాడట. ఆఫ్ చేశాడు. ఫోటోలు డిలీట్ చేయమని షాపుకి మెయిల్ పెట్టాను.

రిటైర్డ్_క్యాషియర్
ఇక ముందు ఎవరైనా ఐడీ అడిగితే డ్రైవింగ్ లైసెన్స్ చూపించండి, చేతికివ్వకండి. ప్రైవేటు సంస్థలు ఆధార్ అడగడానికి దారిచ్చిన ఆధార్ చట్టం సెక్షన్ 57ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే కొట్టేసింది. ఆధారే కావాలని పట్టుబట్టే హక్కు బట్టల షాపుకీ టీవీల షాపుకీ లేదు. కాపీ తప్పదనుకుంటే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఫోన్ నంబరు ఇవ్వకపోతే బిల్లు ఇవ్వమనడం కూడా తప్పని 2023 మేలో వినియోగదారుల వ్యవహారాల శాఖ షాపులకి చెప్పింది. అయినా అడుగుతూనే ఉన్నారు, అది మన ఖర్మ.

బెజవాడ_బాలు
సరే, కాపీలు తీయడం తప్పే, ఒప్పుకుంటా. కానీ చూడటం మాత్రం ఉండాలి. మా నాన్నలాంటి వాళ్లు దేశంలో కోట్లమంది ఉన్నారు. వాళ్లకి మిగిలిన కాపలా ఆ కౌంటర్లో కూర్చున్న అమ్మాయే.

వైజాగ్_నెట్‌వర్క్
పన్నెండు గంటలు నిలబడే ఆ అమ్మాయికి నకిలీ ఐడీ గుర్తుపట్టే ట్రైనింగ్ ఎవరిచ్చారు బాలు గారూ? కార్డు కొట్టేసేవాడు పర్సుతో సహా కొట్టేస్తాడు. అందులో ఐడీ కూడా ఉంటుంది.

బెజవాడ_బాలు
మొహం చూడదా?

తిరుపతి_సుధాకర్
ఆధార్ ఫోటోతోనా? 🤦

సికింద్రాబాద్_శాస్త్రి
అప్‌డేట్: తమ్ముడి ఖాతాలో ఆ మొత్తం తాత్కాలికంగా వేశారు. విచారణ 90 రోజుల్లో తేలుస్తామన్నారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయించాను. క్యాషియర్ గారికి దండాలు.

హన్మకొండ_హారిక
మంచిది శాస్త్రి గారూ. నాకింకో డౌట్. భార్యాభర్తలకి రూలు ప్రకారం మార్గమే లేదా మరి?

రిటైర్డ్_క్యాషియర్
ఉంది. యాడ్ ఆన్ కార్డు. ఆయన ఖాతా మీదే, మీ పేరుతో, మీ పిన్‌తో వస్తుంది. చాలా బ్యాంకులు ఉచితంగానే ఇస్తాయి. లిమిట్ ఇద్దరికీ కలిపి ఒకటే. పేరు మీది, ఐడీ మీది, ఎవడూ నోరెత్తడు.

నెల్లూరు_నాగమణి
మా ఇంట్లో కార్డు నాది, ఆయనకి ఇప్పించాలి. ఆయన రాత్రి పదకొండింటికి బిర్యానీ తెప్పించుకుంటే మెసేజ్ నాకు వస్తుందా?

రిటైర్డ్_క్యాషియర్
చాలా బ్యాంకుల్లో అసలు కార్డుదారుకే వస్తుంది. మీ బ్యాంకుని అడగండి. బిల్లు మాత్రం ఖాయంగా మీకే.

గుంటూరు_మొబైల్స్
సార్, ఒక్కటి చెప్పండి. మా ఊరి ఎన్నారైలు సంక్రాంతికి అమెరికా కార్డులు పట్టుకొస్తారు. తెలిసిన మొహాలు, చిన్నప్పట్నుంచి చూసినవాళ్లు. వాళ్లని పాస్‌పోర్ట్ అడగాలా?

రిటైర్డ్_క్యాషియర్
మిషన్ పిన్ అడక్కుండా సంతకం స్లిప్పు ఇచ్చిందంటే అడగండి. మొహమాటపడితే చెప్పండి, బ్యాంకువాళ్లు అడగమన్నారని. తిట్లు మాకు అలవాటే.

డల్లాస్_మురళి
జనవరిలో వస్తున్నా గుంటూరు అన్నా. పాస్‌పోర్ట్ జేబులోనే పెట్టుకుంటా, డిస్కౌంట్ సంగతి చూడు.